సెల్ఫ్ కొట్టినా లేవని లారీ



మీలో లారీ సొంతంగా ఉన్నవాళ్ళు కొందరే ఉండవచ్చు. కాని లారీతో పని పడనివాళ్ళు మన సరిహద్దు జిల్లాల్లో ఒక్కరు కూడా ఉండరు. ములబాగలు, మదనపల్లె టమాటాలైనా, హిందూపురం పట్టుగూళ్ళైనా, బాగేపల్లి వేరుశనక్కాయలైనా, వేళకు మార్కెట్టు చేరితేనే వాటికి ధర. ఆ వేళను కాపాడేది డ్రైవరు ఒక్కడే కాదు. ఇంజను పక్కన, కింది భాగంలో, మట్టి కొట్టుకొని ఎవరికీ కనిపించకుండా ఉండే ఒక మోటారు కూడా. దాన్ని పుస్తకాల్లో స్టార్టర్ మోటారు అంటారు. మన రోడ్లమీద దాని పేరు సెల్ఫ్. తెలుగులోనూ సెల్ఫే, కన్నడంలోనూ సెల్ఫే, తమిళంలోనూ సెల్ఫే.

ఈ సెల్ఫ్ పనిచేయకపోతే లోపం ఎక్కడుందో ఎలా కనుక్కోవాలి, మార్చవలసి వస్తే ఎలా మార్చాలి అన్నది ఇవాళ్టి విషయం. బెంగళూరులో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పుకునే టీచరమ్మకు లారీ సంగతులెందుకని మీకు అనిపించవచ్చు. మా నాన్నగారు లారీ డ్రైవరు. నేను పాఠంలో ఓమ్ సూత్రం చదవకముందే ఆయన టెస్టు లాంపు పట్టుకొని నిలబడినదాన్ని.

మొన్నటి సంగతి ఒకటి చెబుతాను. రాత్రి ఒంటిగంటన్నరకు ఫోను మోగింది. మా చిన్నాన్న కొడుకు. వాడికి పాత టాటా 407 ఉంది. ములబాగలు నుంచి 150 బాక్సుల టమాటాలతో బయలుదేరి, హోసకోట దగ్గర టీ తాగుదామని బండి ఆపాడు. టీ అయింది, బండి మాత్రం కదలలేదు.

"అక్కా, బండి లేస్తా లేదు. సెల్ఫ్ పోయినట్టుంది. పొద్దున కొత్తది కొనక తప్పదు" అన్నాడు.

"కొనేది తర్వాత చూద్దాం. ముందు హెడ్ లైటు వెయ్యి. వెలుగు ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉందక్కా. తెల్లగా వెలుగుతా ఉంది."

"లైటు వేసే ఉంచి తాళం తిప్పు. ఏం శబ్దం వస్తా ఉంది?"

"టిక్ అంటా ఉంది. అంతే. లైటు మాత్రం తగ్గలేదు."

ఈ మూడు మాటల్లో సగం వైద్యం ఉంది. అది ఎలాగో తెలియాలంటే సెల్ఫ్ ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి.

ఒకప్పుడు మోటారు బండి కదలాలంటే ముందునుంచి ఇనుప హ్యాండిలు దూర్చి తిప్పేవారు. ఇంజను ఒక్కొక్కసారి వెనక్కి తన్నేది. ఆ దెబ్బకు చేతి ఎముకలు విరిగినవాళ్ళు ఎందరో. ఆ బాధ తప్పించినవాడు అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్. ఆయన కూడా మొదట్లో బడిపంతులే. తర్వాత దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే క్యాష్ రిజిస్టర్ యంత్రానికి విద్యుత్ మోటారు అమర్చాడు. ఆ మోటారు రోజంతా తిరగనక్కరలేదు, సొరుగు తెరిచే ఒక్క క్షణం బలం చూపిస్తే చాలు. అదే ఆలోచనతో 1911లో కాడిలాక్ కారుకు విద్యుత్ స్టార్టరు తయారు చేశాడు. 1912 మోడల్ కార్లలో అది వచ్చింది. నిలకడగా తిరగాలంటే పెద్ద మోటారు కావాలి. కొద్ది సెకన్లు తిరిగితే చాలనుకుంటే చిన్న మోటారు చేతనే పెద్ద పని చేయించవచ్చు. సెల్ఫ్ రహస్యం ఇదే. దాని బలహీనత కూడా ఇదే. కొద్ది సెకన్ల పనికి పుట్టినదాన్ని నిమిషాల తరబడి తిప్పితే అది కాలిపోతుంది.

మన దేశంలో టెల్కో సంస్థ 1954లో జర్మనీ వారి డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీ మొదలుపెట్టింది. టాటా 407 వచ్చింది 1986లో. మద్రాసు పాడిలో 1961లో ఏర్పడిన లూకాస్ టీవీఎస్ సంస్థ తయారుచేసిన స్టార్టర్లు మన పాత బండ్లలో చాలా కనిపిస్తాయి. ఇక బెంగళూరు ఆడుగోడి మైకో ఫ్యాక్టరీ పేరు వినని మెకానిక్కు ఉండడు. డీజిలు పంపులతో ఇంటింటి పేరైన ఆ సంస్థ 2008 నుంచి బాష్ పేరుతో నడుస్తోంది. పేరు ఏదైనా, పాత లారీల్లో సెల్ఫ్ పనిచేసే తీరు ఒక్కటే.

మీరు తాళం తిప్పగానే బ్యాటరీనుంచి సన్నని వైరు ద్వారా కొద్దిపాటి కరెంటు సెల్ఫ్ మీద ఉన్న గుండ్రటి డబ్బాకు వస్తుంది. ఆ డబ్బాయే సోలినాయిడ్. అందులోని తీగచుట్ట అయస్కాంతంగా మారి ఒక ఇనుప కడ్డీని లోపలికి లాగుతుంది. ఆ కడ్డీ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. ఒక కొసతో చిన్న పళ్ళచక్రాన్ని ముందుకు నెట్టి, ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగు పళ్ళలో కూర్చోబెడుతుంది. మన మెకానిక్కులు ఈ పళ్ళచక్రం భాగాన్ని బెండిక్స్ అంటారు. రెండో కొసతో ఒక రాగి బిళ్ళను రెండు లావు బోల్టులకు ఆనించి బ్యాటరీ కరెంటును నేరుగా మోటారులోకి వదులుతుంది. మీరు వినే "టక్" శబ్దం ఈ కడ్డీదే. ఇంజను అందుకోగానే మీరు తాళం వదులుతారు, స్ప్రింగు అన్నిటినీ వెనక్కి లాగుతుంది.

అంటే సెల్ఫ్ పనిలో బ్యాటరీ, లావు కేబుళ్ళు, తాళం స్విచ్చి, సోలినాయిడ్, మోటారు, బెండిక్స్ అని ఆరుగురు పనివాళ్ళున్నారు. ఎవరు పని మానినా బండి లేవదు. చాలామంది తిట్టేది మాత్రం మోటారునే.

ఇప్పుడు మా తమ్ముడి బండి దగ్గరికి వద్దాం. లైటు తెల్లగా ఉంది, తాళం తిప్పినా తగ్గలేదు. అంటే బ్యాటరీలో శక్తి ఉంది కాని, ఆ శక్తి మోటారులోకి పోవడం లేదు. పోయి ఉంటే లైటు కొంచెమైనా మసకబారేది. టిక్ అంది కనుక తాళం స్విచ్చి, సన్నని వైరు బాగానే ఉన్నట్టు. ఇక మిగిలినవి సోలినాయిడ్ బిళ్ళ, మోటారు లోపలి బ్రష్షులు, ఇంజను ఎర్త్. మొదటి రెంటికీ సెల్ఫ్ దించాలి. మూడోదాన్ని నిలబడినచోటే చూడవచ్చు. అందుకని మూడోదానితో మొదలుపెట్టమన్నాను.

పక్కనున్న లారీవాళ్ళ దగ్గర జంపర్ కేబుల్ అడిగి తెచ్చాడు. ఒక కొసను బ్యాటరీ మైనస్ కు తగిలించి, రెండో కొసను ఇంజను దిమ్మమీద రంగు లేని శుభ్రమైన ఇనుపచోట గట్టిగా పట్టించమన్నాను. గేరు న్యూట్రల్లో ఉందో లేదో రెండుసార్లు చూసి తాళం తిప్పమన్నాను. బండి ఒక్క తిప్పుకు లేచింది. ఇంజనునుంచి ఛాసిస్ కు వెళ్ళే జడలాంటి ఎర్త్ పట్టీ తుప్పు పట్టి, బోల్టు దగ్గర నాలుగు పోగులమీద నిలిచి ఉందని తెల్లవారాక చూసుకున్నాడు. టమాటాలు వేళకు చేరాయి. కొత్త సెల్ఫ్ కొనే ఖర్చు తప్పింది.

లైటు వెలిగి, సెల్ఫ్ మాత్రం తిరగకపోవడం ఎలా సాధ్యం? ఇక్కడ ఓమ్ గారిని పిలవాలి. హెడ్ లైటుకు సుమారు 5 ఆంపియర్లు చాలు. సెల్ఫ్ కు కనీసం 200 ఆంపియర్లు కావాలి. పట్టుకోసారి ఇంకా ఎక్కువే. తుప్పు పట్టిన బిగింపులో 0.02 ఓమ్ ల అడ్డు ఉందనుకోండి. లైటు కరెంటు దాన్ని దాటేటప్పుడు పోయేది 5 ఇంటూ 0.02, అంటే 0.1 వోల్టు. కంటికి తెలియదు. సెల్ఫ్ కరెంటు దాటేటప్పుడు పోయేది 200 ఇంటూ 0.02, అంటే 4 వోల్టులు. 12 లో 4 దారిలోనే పోతే మోటారుకు మిగిలేది 8. తాగేనీటి కుండకు సరిపోయే సన్నని పైపుతో ఎకరం పొలం తడపలేం గదా. ఇదీ అంతే.

అందుచేత బండి లేవనప్పుడు చెవిని, కంటిని వాడండి. లక్షణాలు వరసగా చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి.

తాళం తిప్పితే "టకటకటక" అని గబగబా కొట్టుకుంటూ లైటు ఆరిపోతుంటే బ్యాటరీ డౌన్ అయినా అయి ఉండాలి, టెర్మినళ్ళు వదులైనా అయి ఉండాలి. ఏ శబ్దమూ లేక లైటు వెలుగు అలాగే ఉంటే తాళం స్విచ్చి, సన్నని వైరు, లేదా సోలినాయిడ్ చుట్ట. ఒకే ఒక్క టిక్, లైటు అలాగే ఉంటే ఎర్త్, సోలినాయిడ్ బిళ్ళ, లేదా అరిగిన బ్రష్షులు. ఒకే టక్ అని లైటు బాగా కుంగిపోతే మోటారు లోపల పట్టేసింది, లేదా ఇంజనే పట్టేసింది. మోటారు సర్రుమని తిరుగుతూ ఇంజను కదలకపోతే బెండిక్స్ జారుతోంది. గరగరమని ఇనుము కొరికిన శబ్దం వస్తే రింగు పళ్ళో, బెండిక్స్ పళ్ళో అరిగాయి. తాళం వదిలినా మోటారు తిరుగుతూనే ఉంటే సోలినాయిడ్ బిళ్ళ అతుక్కుపోయింది. అప్పుడు ఆలోచిస్తూ నిలబడకండి. కట్ ఆఫ్ స్విచ్చి ఉంటే తిప్పండి, లేకపోతే బ్యాటరీ మైనస్ కేబుల్ ఊడదీయండి.

తర్వాత మీటరు పరీక్షలు. మామూలు డిజిటల్ మీటరు చాలు. బాగా ఛార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి కొన్ని గంటలు గడిచాక 12.6 వోల్టులు చూపుతుంది. 12 చూపితే అందులో మిగిలింది పావు వంతే అనుకోండి. సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 9.6 కంటె తగ్గకూడదు. రెండు బ్యాటరీలు కలిపిన 24 వోల్టుల బండ్లకు ఈ అంకెలను రెట్టింపు చేసుకోండి. బ్యాటరీయే చిక్కి ఉంటే సెల్ఫ్ ను తిట్టి లాభం లేదు. ముందు దానికి ఛార్జి పెట్టించండి, నీళ్ళ మట్టం చూడండి.

బ్యాటరీ బాగుంటే కేబుళ్ళను పరీక్షించాలి. పాత డీజిలు ఇంజన్లకు స్టాప్ నాబ్ ఉంటుంది. దాన్ని లాగి ఉంచి ఒకరు తాళం తిప్పితే ఇంజను లేవకుండా సెల్ఫ్ మాత్రం తిరుగుతుంది. ఆ సమయంలో మీటరు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ సీసపు మొలకమీద, రెండోది సెల్ఫ్ లావు బోల్టుమీద పెట్టండి. ఆ బోల్టు దగ్గర చాలా బండ్లలో 30 అనే అంకె ఉంటుంది. అర వోల్టు కంటె ఎక్కువ చూపితే ఆ దారిలో కేబులో, బిగింపో చెడింది. అలాగే బ్యాటరీ మైనస్ మొలకనుంచి సెల్ఫ్ ఒంటిమీదికి చూడండి. ఇక్కడ పావు వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ దారి చెడింది. మూడోది, సోలినాయిడ్ మీది రెండు లావు బోల్టుల మధ్య. తాళం తిప్పినప్పుడు ఇక్కడ దాదాపు సున్నా రావాలి. టక్ మన్నా 12 అలాగే ఉంటే లోపలి బిళ్ళ కాలిపోయింది.

శబ్దమే లేని బండికి టెస్టు లాంపు చాలు. సన్నని వైరు వచ్చే బోల్టు దగ్గర 50 అని ఉంటుంది. లాంపు ఒక కొస అక్కడ, రెండోది ఎర్త్ కు. తాళం తిప్పినప్పుడు లాంపు బాగా వెలిగితే తాళం వైపు తప్పు లేదు, తప్పు సెల్ఫ్ దే. వెలగకపోతే సెల్ఫ్ ను విప్పకండి, వైరు వెంట తాళం దాకా వెతకండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీకు ఒక మాట చెప్పాలి. చాలామంది డ్రైవర్లు బండి కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో సోలినాయిడ్ మీది 30నీ 50నీ కలిపి సెల్ఫ్ కొడతారు. మిరుగులు లేస్తాయి, బండి లేస్తుంది, అందరూ భేష్ అంటారు. మా నాన్నగారు కూడా అలాగే చేసేవారు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక తెల్లవారుజామున ఆయన అలా కిందికి దూరారు. బండి గేరులో ఉంది. ఆ సంగతి క్లీనరు చెప్పలేదు, ఈయన అడగలేదు. ఇంజను అందుకుంది, బండి ముందుకు కదిలింది. పాత డీజిలు ఇంజను తాళం తీసినంత మాత్రాన ఆగదు, స్టాప్ నాబ్ లాగాలి. లాగడానికి క్యాబిన్ లో ఎవరూ లేరు. వెనక చక్రం ఆయన ఎడమ పాదంమీదుగా పోయింది. ప్రాణం దక్కింది. తర్వాత ఆయన లారీ నడపలేదు. ఆ పాదం ఈడుస్తూనే నన్ను బి.ఇడి. కాలేజీలో చేర్పించడానికి వచ్చారు. ఇది విన్నవాళ్ళలో ఒక్కరైనా ఆ స్క్రూడ్రైవరును డబ్బాలో పెట్టేస్తే ఈ పూట నేను మాట్లాడినందుకు ఫలితం దక్కినట్టే.

తోసి స్టార్ట్ చేయడం కూడా ఆలోచించి చేయవలసిందే. ఇంజను తిరగనప్పుడు బ్రేకుకు గాలిగాని, వాక్యూంగాని కొత్తగా చేరదు. ఉన్నది రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. లోడుతో ఉన్న బండిని పల్లంలోకి వదిలి గేరు వేసి లేపుదామనుకుంటే, ఇంజను అందుకోని రోజున ఆపేవాడు ఉండడు.

సరే, పరీక్షలన్నీ అయ్యాక తప్పు నిజంగా సెల్ఫ్ లోనే ఉందని తేలిందనుకుందాం. మా తమ్ముడి బండికి కూడా నాలుగు నెలల తర్వాత ఆ రోజు వచ్చింది. ఈసారి ఎర్త్ బాగుంది, కేబుళ్ళు బాగున్నాయి, సోలినాయిడ్ బిళ్ళ ఆనుతోంది, అయినా మోటారు తిరగలేదు. బ్రష్షులు చివరిదాకా అరిగాయి. కర్ర ముక్కతో మోటారు ఒంటిమీద మెల్లగా తడితే ఒకసారి తిరిగింది. ఇది ఇల్లు చేరడానికి పనికివచ్చే చిట్కా మాత్రమే, వైద్యం కాదు. సుత్తితో గట్టిగా కొడితే ఉన్నది కూడా పోతుంది.

దించే పద్ధతి చెబుతాను. బండిని సమతలంమీద నిలపండి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్ళుగాని కట్టె దిమ్మలుగాని అడ్డం పెట్టండి. గేరు న్యూట్రల్. బ్యాటరీ మైనస్ కేబుల్ మొదట తీయండి. ఇది చాదస్తం కాదు. మైనస్ తీయకుండా లావు కేబుల్ నట్టు విప్పేటప్పుడు స్పానరు ఛాసిస్ కు తగిలితే వందల ఆంపియర్లు ఆ స్పానరులోంచి పోతాయి. చేతి ఉంగరమో, వాచీ గొలుసో మధ్యలో ఉంటే అది ఎర్రగా కాలుతుంది. వాటిని ముందే తీసి జేబులో వేసుకోండి.

తర్వాత సెల్ఫ్ మీది వైర్లకు గుర్తులు పెట్టండి. ఒక కాగితంమీద బొమ్మ గీసుకున్నా చాలు, ఫోనులో ఫోటో తీసుకున్నా చాలు. వైర్లు విప్పి పక్కకు కట్టండి. ఫ్లాంజి బోల్టులు చివరి ఒకటి తప్ప మిగిలినవి తీసి, కింద ఇంకొకరి చేయో, జాకీమీద కట్టె దిమ్మో ఆనించి అప్పుడు ఆఖరిది తీయండి. పెద్ద లారీ సెల్ఫ్ ఒంటిచేత్తో పట్టుకొనే బరువు కాదు. ముఖంమీదికి వచ్చేలా దాని కింద పడుకోకండి.

సెల్ఫ్ బయటికి వచ్చాక ఆ రంధ్రంలోంచి టార్చి వేసి రింగు పళ్ళు చూడండి. ఒకచోట చూసి వదలకండి, ఇంజనును ముందు పుల్లీ దగ్గర స్పానరుతో తిప్పుతూ చుట్టూ చూడండి. ఎందుకంటే ఇంజను ఆగేటప్పుడు ఎక్కడపడితే అక్కడ ఆగదు. నాలుగు సిలిండర్ల ఇంజను సాధారణంగా చుట్టులో రెండుచోట్ల, ఆరు సిలిండర్లది మూడుచోట్ల ఆగుతుంది. సెల్ఫ్ పడేది అక్కడే, పళ్ళు అరిగేదీ అక్కడే. మిగతా పళ్ళన్నీ కొత్తవాటిలా మెరుస్తుంటాయి. రింగు చెడితే ఎన్ని కొత్త సెల్ఫ్ లు వేసినా గరగర పోదు. ఇంజను స్పానరుకు కూడా తిరగకపోతే తప్పు సెల్ఫ్ ది కాదు. వరదనీళ్ళలో నడిచి వచ్చిన బండి అయితే సిలిండరులో నీరు చేరి ఉండవచ్చు. అప్పుడు బలవంతం చేయకుండా మెకానిక్కును పిలవండి.

ఇక కొత్తదా, రిపేరా? బెంగళూరులో జె.సి. రోడ్డుకు వెళితే వరసగా మోటారు విడిభాగాల దుకాణాలే. అక్కడ కన్నడం, తమిళం, ఉర్దూ, తెలుగు అన్నీ వినిపిస్తాయి. భాష రాదని బెదరవద్దు, మీ పాత సెల్ఫ్ ను చంకలో పెట్టుకొని వెళ్ళండి. మాటలకంటె అది బాగా మాట్లాడుతుంది. "హళేదు" అంటే పాతది, "హొసదు" అంటే కొత్తది. ఈ రెండు మాటలు చెవిలో పెట్టుకుంటే పాతదానికి రంగువేసి కొత్తదని ఇచ్చేవారి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండవచ్చు.

బ్రష్షులు, బుష్షులు, బెండిక్స్, సోలినాయిడ్ చెడితే అవి విడిగా దొరుకుతాయి. బ్రష్షు కొత్తదానిలో సగానికి అరిగితే మార్చేయాలి. బుష్షు అరిగితే ఆర్మేచర్ కుంగి చుట్టూ ఉన్న ఫీల్డ్ ఇనుమును రాసుకుంటుంది. ఆ రాపిడి గీతలు ఆర్మేచర్ మీద కంటికి కనిపిస్తాయి. ఆర్మేచర్ తీగ నల్లగా కాలి మాడు వాసన వస్తుంటే, లేదా కమ్యుటేటరు రాగి పలకలు లేచిపోతే, మారు సెల్ఫ్ తీసుకోవడమే మేలు.

మారుది తీసుకునేటప్పుడు అయిదు సరిచూడండి. వోల్టేజి 12 అా 24 అా అన్నది మొదటిది. పళ్ళ సంఖ్య రెండోది. తిరిగే దిక్కు మూడోది. ఫ్లాంజి రంధ్రాల అమరిక నాలుగోది. వైర్ల బోల్టులు మీ కేబుళ్ళకు అందే వైపున ఉన్నాయా అన్నది అయిదోది. ఆ తర్వాత దుకాణంలోనే వైసులో బిగించి బ్యాటరీ కలిపి తిప్పి చూపించమనండి. పళ్ళచక్రం ముందుకు దూకాలి, మోటారు ఒకే స్వరంతో తిరగాలి, కరెంటు తీయగానే పళ్ళచక్రం వెనక్కి రావాలి. చేత్తో పట్టుకొని పరీక్షించనివ్వకండి, మొదటి క్షణంలోనే అది చేతిలోంచి ఎగురుతుంది. బిల్లు అడిగి తీసుకోండి.

బిగించేటప్పుడు విప్పిన వరసను తిరగేయండి. ఫ్లాంజి ఆనేచోట తుప్పు, రంగు, నూనె గోకి శుభ్రం చేయండి. చాలా బండ్లలో మోటారు ఎర్త్ దారి ఆ ఫ్లాంజిలోంచే పోతుంది. బోల్టులు సమంగా బిగించండి. లావు కేబుల్ నట్టును రాక్షసంగా బిగిస్తే రాగి బోల్టు తిరిగి లోపలి ఇన్సులేషను పగులుతుంది. బ్యాటరీకి ప్లస్ మొదట, మైనస్ చివర. తర్వాత గేరు న్యూట్రల్ అని మళ్ళీ చూసి, కిందా చుట్టూ ఎవరూ లేరని కేక వేసి అడిగి, అప్పుడు తాళం తిప్పండి.

ఇంతటితో పని అయిపోలేదు. పాత సెల్ఫ్ ఎందుకు పోయింది అని అడగాలి. మా తమ్ముడి బండి డీజిలు లైనులో గాలి దూరుతోంది. అందుకని రోజూ పొద్దున అర నిమిషం, ముప్పావు నిమిషం సెల్ఫ్ కొట్టేవాడు. బ్యాటరీ కుంగేకొద్దీ మోటారు నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే మోటారు అదనంగా కరెంటు తాగుతుంది. ఆ కరెంటు వేడి అవుతుంది. ఆ వేడికే బ్రష్షులు, తీగలు మాడుతాయి. గాలి దూరే జాయింటు సరిచేయకపోతే కొత్త సెల్ఫ్ కూడా అదే దారి పట్టేది. కాబట్టి ఒక్క దఫాకు పది సెకన్లు దాటి కొట్టకండి. లేవకపోతే ఒకటి రెండు నిమిషాలు ఆగండి. మూడు దఫాలకూ లేవకపోతే డీజిలు, గాలి, బ్యాటరీ చూడండి.

నెలకొకసారి టెర్మినళ్ళు వేడినీళ్ళు పోసి కడిగి, తుడిచి బిగించి, కాస్త వేజలీను పూయండి. ఎర్త్ పట్టీని చేత్తో లాగి చూడండి. రెండూ పదినిమిషాల పని. ఆ పదినిమిషాలు పెట్టనందుకే ఆ రాత్రి మా తమ్ముడు హోసకోటలో 150 బాక్సుల ముందు తల పట్టుకు కూర్చున్నాడు.

ఇప్పుడు వాడు బండి ఎక్కేముందు వంగి ఆ పట్టీని ఒకసారి తాకి చూస్తాడు. పక్క డ్రైవర్లు నవ్వుతారట. నవ్వనీయండి. మీరు కూడా రేపు పొద్దున మీ బండి దగ్గర ఒకసారి వంగి చూడండి. గేరు న్యూట్రల్లో ఉందో లేదో మాత్రం వంగకముందే చూసుకోండి.

సెలవు.